పందెములో తీర్పు

సంక్రాంతి దినములలో చోడవరము చుట్టుపట్ల గ్రామములందు తీర్థములు సాగును. చెఱకునకును బెల్లమునకును, గోవాడ చక్కెర కర్మాగారమునకును పేరువడిన ఈ సీమ 2022వ సంవత్సరము వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిదప అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇచ్చటి వేడుకలలో ఎడ్లబండ్ల పరుగు పందెము జనులకు మిక్కిలి ప్రీతికరము. పందెము కొన్ని నిమిషములలో ముగియును. దాని వెనుక పుట్టిన తగవు మాత్రము మరుసటి సంక్రాంతి దాక ముగియకపోవచ్చును. బండి గీత దాటక మునుపే కదలినదనియు, గడియారము ఆలస్యముగా నొక్కిరనియు, తీర్పరి ఫలానివారి బంధువనియు ఓడినవారు వాపోవుదురు. గెలిచినవారు నవ్వుదురు. తీర్పరి చేతులు దులుపుకొని పోవును.

ఆటలోని తగవునకు ఇంత విచారమేల యని కొందఱందురు. వారొక సంగతి మఱచుచున్నారు. కౌలురైతు తన పిల్లలకు తక్కువ చేసియైనను గిత్తలకు ఉలవలు పెట్టి, యేడాది పొడవునను మేపి, పందెమునకు తెచ్చును. భూస్వామి జోడును అతని జోడును ఒక్క గీత కడ నిలుచు తావు ఊరిలో మఱియొకటి కలదా? అచ్చటనైనను ఎడ్ల కాళ్లకు గాక యజమాని యెకరములకు బహుమానము దక్కెనేని, ఆ పేదవాడు పోగొట్టుకొనునది బహుమానము మాత్రమే కాదు. ఈ ఊరిలో న్యాయమనునది కలదను నమ్మకము. తండ్రి భుజముపై కూర్చుండి చూచుచున్న బిడ్డయు ఆ పాఠమునే నేర్చుకొనును.

కాని తీర్పరి తప్పెల్లయు ఒక్క తెగది కాదు. కన్ను పొరపడుట వేఱు, మనస్సు మొగ్గుట వేఱు. మొదటిదానిని క్షమింపవచ్చును, రెండవదానిని క్షమింపరాదు. ఐనను ఓడినవానికి ఈ రెంటి భేదము కనబడు మార్గమేది? తీర్పరి హృదయమును ఎవరును తెఱచి చూడలేరు. కావున ఆతని నిజాయితీకి ఆతని మాటయే సాక్ష్యము కారాదు. తీర్పు జరిగిన విధానము సాక్ష్యము కావలయును.

ఇందులకు పరదేశపు దృష్టాంతము లుపకరించును. 1949వ సంవత్సరము జూన్ 19వ తేదీన అమెరికాలోని షార్లట్ నగరమున, అంగడిలో అమ్ముడుపోవు మోటారుకార్లతో నాస్కార్ సంస్థ తన తొలి పెద్ద పందెమును నడపెను. గ్లెన్ డనవే అనునాతడు అందఱికంటె ముందు చేరెను. పందెము ముగిసినపిదప కారును పరీక్షింపగా, వెనుక స్ప్రింగులను నియమవిరుద్ధముగా మార్చిరని తేలినది. ఆతని గెలుపును రద్దుచేసి, రెండవవాడైన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించిరి. కారు యజమాని న్యాయస్థానమున కెక్కెను గాని దావా కొట్టివేయబడెను. తోలినవాడొకడు, కారు సొంతదారు మఱియొకడు. శిక్ష యిరువురకును తగిలినది. ఇది కఠినమే. కాని నియమము ముందుగా నున్నది, పరీక్ష అందఱి యెదుటి వస్తువును గూర్చినది, అభ్యంతరమునకు త్రోవ యుండెను. ఓడినవాడు దుఃఖింపవచ్చును గాని మోసపోతినని అనజాలడు.

దీనికి భిన్నమైనది 2021వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన అబుదాబిలో జరిగిన ఫార్ములా వన్ పందెము. ప్రమాదము వలన కార్లు నెమ్మదిగా పోవుచుండగా, వెనుకబడిన కార్లను ముందునకు పంపు నియమమును పందెపు నిర్వాహకుడు అందఱికి గాక, అగ్రస్థానములోని హామిల్టన్‌కును ఆతని వెంబడించు వెర్‌స్టాపెన్‌కును నడుమనున్న అయిదు కార్లకే వర్తింపజేసెను. మిగిలిన ఒక్క చుట్టులో వెర్‌స్టాపెన్ గెలిచి ప్రపంచవిజేత యయ్యెను. 2022 మార్చిలో ప్రకటించిన విచారణలో అది మానవసహజమైన పొరపాటనియు, నిర్వాహకుడు సద్బుద్ధితోనే వర్తించెననియు సంస్థ తేల్చెను. ఫలితము మాత్రము మారలేదు.

తప్పని యొప్పుకొనియు తీర్పును నిలుపుట ధర్మమా? ఏదో యొకచోట తగవు ముగియకున్న ఆటయే సాగదు, ఇది నిజము. కాని ముగింపు వేఱు, సత్యము వేఱు. తీర్పు మారదని చెప్పు హక్కు పెద్దలకుండవచ్చును. తీర్పు తప్పుకాదని చెప్పు హక్కు వారికి లేదు. తప్పును బహిరంగముగా నొప్పుకొనుట ఓడినవానికి గెలుపు నియ్యదు గాని, ఆతని గౌరవమును ఆతనికి తిరిగి యిచ్చును. మన గ్రామములలో లోపించినది ఆ యొప్పుదల. పెద్దమనిషి తప్పన్నచో పరువు పోవునని భయము. పరువు తప్పును దాచుటవలన పోవును గాని చెప్పుటవలన పోదు.

ఇక తీర్పరి నెన్నుకొను పద్ధతి. అధికముగా చందా యిచ్చినవాడో, ఊరిలో పలుకుబడి కలవాడో ఆ పీఠమెక్కుట తగదు. 1986వ సంవత్సరమున లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసు జట్ల క్రికెట్ టెస్టునకు భారతీయులైన వి.కె. రామస్వామి, పీలూ రిపోర్టర్ అంపైర్లుగా నిలిచిరి. స్వదేశీయుని తీర్పుపై అనుమానము కలుగకుండుటకు పరాయివారిని పిలుచుట అవమానము కాదని ఆ దేశము గ్రహించెను. పక్క మండలము నుండి ఒక ఉపాధ్యాయునో ఉపాధ్యాయురాలినో పిలుచుట మన ఊళ్లకు అసాధ్యమా? నియమములను పందెమునకు ముందు చదివి వినిపించుట, రెండు గడియారములు పట్టుట, కారణమును అందఱు వినునట్లు చెప్పుట – ఇందులో ధనవ్యయ మేమున్నది?

మాటలాడలేని కక్షిదారులును ఇచ్చట కలరు. 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. 2023 మే 18వ తేదీన తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రముల సవరణ శాసనములను సమర్థించెను. చట్టపు వివాద మెట్లున్నను, ముల్లుకర్రతో పొడిచి పరుగెత్తించినవానికి బహుమాన మిచ్చు తీర్పరి, మనుష్యుల నడుమ ఎంత సమముగా తూచినను న్యాయమూర్తి కాడు. ఆ గిత్త అభ్యంతరము చెప్పలేదు గనుకనే, దాని పక్షము చూచుట ఆతని మొదటి విధి.

ప్రతి యింటను ఒక తీర్పరి యుండును. బిడ్డల తగవులు తీర్చు తల్లియు, పాలు పంచు అన్నయు ఆ పనియే చేయుదురు. బలవంతుడు ఓడినపుడు ఊరకుండునట్లును, బలహీనుడు ఓడినపుడు ఎందుకని అడుగగలుగునట్లును తీర్పు చెప్పగలిగిననాడు, వారు తీర్థములోని తీర్పరికిని మార్గము చూపినవారగుదురు.