కాశీలో వదిలేసిన కాకరకాయ

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళని చుట్టాలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కడ ఏం వదిలేశారు?" ఇష్టమైన కాయో పండో గంగ ఒడ్డున వదిలి రావడం ఆచారం. మామిడిపండు వదిలేసి, వేసవి వచ్చినప్పుడల్లా పక్క కంచం వైపు చూడకుండా తిని లేచేవాళ్ళున్నారు. ఎలాగూ నోట పెట్టని కాకరకాయని వదిలేసి పుణ్యం మూటగట్టుకున్న గడుసువాళ్ళ సంగతి సరేసరి.

డెబ్భై దాటాక కాశీ వెళ్ళకపోయినా కొన్ని రుచులు వాటంతటవే మనిషిని వదిలేస్తాయి. మరి దాన్నీ వైరాగ్యమనే అనాలా?

నాలుక మీది రుచిమొగ్గల్లో కణాలు పదేసి రోజులకోసారి కొత్తవి పుడుతుంటాయి. వయసు మీరేకొద్దీ ఆ పని మందగిస్తుంది. నోట్లో తడి తగ్గుతుంది, కొన్ని మందులు నోటిని చేదు చేస్తాయి. అసలు దెబ్బ మాత్రం ముక్కుకి. రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా వాసనదే, నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. జలుబు చేసిన రోజున ఇంగువ చారు ఉత్త వేడినీళ్ళలా ఉండేది అందుకే. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డోటీ బృందం సుమారు రెండు వేలమందికి వాసనలు గుర్తుపట్టే పరీక్ష పెట్టి, ఫలితాలను 1984లో ప్రకటించింది. 65 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళలో సగానికి పైగా, 80 దాటినవాళ్ళలో ముప్పాతిక మందికి పైగా ఘ్రాణశక్తి బాగా దెబ్బతిన్నదని తేలింది.

తమాషా ఏమిటంటే, పోయిన సంగతి పోగొట్టుకున్నవాళ్ళలో చాలామందికి తెలియదు. ఉగాది పచ్చడి నాలుక్కి రాసుకుని మామ్మ, "వేపపువ్వు వెయ్యలేదేమే?" అంటుంది. కోడలు గిన్నె వంచి చూపిస్తుంది, పువ్వు పైకి తేలుతూనే ఉంటుంది. "అయితే పువ్వులోనే పస లేదు" అని మామ్మ తీర్పు. ఆ తర్వాత చింతపండు, బెల్లం, టమాటా వరసగా బోనెక్కుతాయి.

రుచి వదిలిపోతే అది వైరాగ్యమేనా అన్న చిక్కుముడినే గీత రెండో అధ్యాయం పట్టుకుంది. ఇంద్రియాలకి మేత పెట్టనివాడికి విషయాలు దూరమవుతాయి గానీ, వాటి మీది రసం మిగిలిపోతుందంటుంది. ఇక్కడ రసమంటే రాగమని, అంటే మమకారమని, శంకరుల భాష్యం. తెలుగులో 'రుచి'కీ ఈ రెండర్థాలూ ఉన్నాయి, నాలుకకి తెలిసేదీ మనసు మరిగేదీ. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత, గాలానికి చిక్కిన చేపని గురువుగా చెప్పుకుంటూ, పస్తుంటే తక్కిన ఇంద్రియాలు లొంగుతాయి గానీ నాలుక ఇంకా పెట్రేగుతుందంటాడు.

ముసలితనం చేసేదీ ఇదే. మొదటి రుచి పోతుంది, రెండోది చెక్కుచెదరదు. అందుకే డాక్టరు ఉప్పు తగ్గించమన్న రోజుల్లోనే మామ్మ ఆవకాయ ఇంకో బద్ద వేయమంటుంది. శుక్రుడి శాపంతో యయాతి ఒళ్ళు ముడతలు పడింది గానీ కోరిక పడలేదు, కొడుకు యవ్వనాన్నే అరువడిగాడు. దీన్ని వైరాగ్యమంటే కాకరకాయని వదిలేసినవాళ్ళకీ సన్యాసం ఇచ్చెయ్యాల్సిందే.

కానీ కొందరు పెద్దవాళ్ళు ఇంకోటి వదులుతారు. అది మామిడిపండుకన్నా కష్టం. ఆవకాయ కలిపిన మూడోనాడు జాడీ తీసి తిరగకలిపి ఉప్పు చూడటం నలభై ఏళ్ళుగా మామ్మ హక్కు. ఒక ఏడు ఆవిడ వేలు నోటిదాకా వెళ్ళి ఆగింది. "నా నోటికి తెలియడం లేదు, నువ్వు చూడవే" అని పళ్ళెం కోడలి వైపు జరిపింది. పళ్ళేనికి అంటుకున్న పిండిలో వేడన్నం కలిపి మనవరాలికి ముద్ద పెట్టి, ఆ పిల్ల మొహంకేసి చూస్తూ కూర్చుంది.