పురుగుకు మార్కులు

మన బడుల్లో పిల్లలకు ఒక ప్రశ్న తరచూ వస్తుంది. "ఉపయోగకరమైన కీటకాలు, హానికరమైన కీటకాలు: పట్టిక రాయండి." తేనెటీగ, పట్టుపురుగు, లక్కపురుగు ఒక వైపు. దోమ, ఈగ, చెద ఇంకో వైపు. అటు మూడు, ఇటు మూడు రాస్తే పూర్తి మార్కులు. చాలా ఏళ్లుగా ఈ పట్టికలు దిద్దుతున్నాను. దిద్దేకొద్దీ ఒక అనుమానం పెరుగుతూ వచ్చింది. ఇందులో పురుగు గురించి పిల్లలకు తెలిసిందేమిటి? అది మనకేమిస్తుంది, మన దగ్గర ఏం తింటుంది అన్నదొక్కటే. అది మన లెక్క. పురుగు సంగతి ఇంకా మొదలే కాలేదు.

చెదనే తీసుకోండి. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో పాత దర్వాజలు చూస్తే చెద చేసే నష్టం ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి హానికరం. కానీ శ్రావణంలో తీజ్ వచ్చినప్పుడు మన ఆడపిల్లలు గోధుమలు మొలకెత్తించే బుట్టలకు మట్టి ఎక్కణ్ణుంచి తెస్తారు? పుట్ట నుంచి. పుట్టను కట్టింది పాము కాదు, చెద. నేల లోపలి మెత్తటి మట్టిని రేణువు రేణువుగా నోట కరిచి పైకి తెచ్చి, ఉమ్మితో అతికించి కడుతుంది. పుట్టలు కట్టే చెదల్లో కొన్ని రకాలు లోపల సేద్యం కూడా చేస్తాయి. కొరికి తెచ్చిన కట్టె, ఎండుటాకు గదుల్లో పేర్చి దాని మీద ఒక రకం బూజు పెంచుతాయి. కట్టెను మెత్తబరిచి వాటికి తిండిగా మార్చేది ఆ బూజే. వానలు పడ్డాక పుట్ట మీద లేచే గొడుగులు ఆ పంటవే. (అన్ని గొడుగులూ తినేవి కావు, పెద్దవాళ్లకు చూపించాకే వండండి.) మనిషి సేద్యం మొదలుపెట్టి సుమారు 10 వేల ఏళ్లయింది. చెద మొదలుపెట్టి దాదాపు 3 కోట్ల ఏళ్లు. ఒకసారి ఒక తండా అమ్మాయి చెద పేరును పట్టికలో రెండు వైపులా రాసింది. ఆ ఏడాది నేను దిద్దిన వాటిలో నాకు నచ్చిన జవాబు అదే.

మేడిపండు పద్యం రాని తెలుగు పిల్లలు తక్కువ. పైకి బింకం, లోపల పిరికితనం ఉన్న మనిషిని చెప్పడానికి వేమన ఆ పండును తెచ్చాడు. పోలిక మనిషికి సరిపోయింది. పండుకు మాత్రం అన్యాయం జరిగింది. మేడిపండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల పూలు లోపలే పూస్తాయి, బయటికి కనబడవు. కొనన ఉన్న సన్నటి రంధ్రంలోంచి దోమంత కూడా లేని ఒక ఆడ కందిరీగ దూరుతుంది. ఆ ఇరుకులో దాని రెక్కలు తరచూ ఊడిపోతాయి, ఇక తిరిగి ఎగరడం ఉండదు. తెచ్చిన పుప్పొడి పూలకు పూసి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, వాటి కోసం పండు గోడకు దారి తొలుస్తాయి. వాటి బతుకు అంతటితో అయిపోతుంది. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ దారిన బయటపడి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. ఈ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు. విత్తనం లేకపోతే కోతికి, గబ్బిలానికి, పక్షికి ఆ తిండీ ఉండదు, కొత్త చెట్టూ మొలవదు. పొట్ట విప్పి చూసి అసహ్యపడ్డవాళ్లు ఇంకాసేపు చూసి ఉంటే ఇదంతా కనబడేది.

తొందరపడి పట్టిక రాస్తే ఏమవుతుందో చైనా చూసింది. 1958లో అక్కడి ప్రభుత్వం ఎలుక, ఈగ, దోమ, పిచ్చుకలను నాలుగు శత్రువులుగా ప్రకటించింది. పిచ్చుక గింజలు తింటుందన్నది నేరం. ఊళ్లకు ఊళ్లు పళ్లేలు మోగిస్తూ వాలనివ్వకుండా తరిమితే అవి అలసి రాలి చచ్చాయి. శాస్త్రవేత్తలు పిచ్చుకల పొట్టలు కోసి చూస్తే అవి పురుగులను కూడా బాగా తింటున్నాయని తేలింది. పిచ్చుకలు పోయిన పొలాల్లో మిడతలు, పురుగులు పెరిగాయి. ఆ తర్వాతి ఘోరమైన కరువుకు చాలా కారణాలున్నాయి, వాటిలో ఇదొకటి. 1960లో జాబితాలోంచి పిచ్చుకను తీసి నల్లిని పెట్టారు. చూడండి, పేరు మారింది కానీ జాబితా అలాగే ఉంది.

జాబితా అనగానే మనకు ఇంకోటి గుర్తుకు రావాలి. బంజారాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి మొఘల్ సైన్యాలకు కూడా తిండి అందించారు. అప్పుడు పనికొచ్చేవాళ్లు. రైలు వచ్చింది, ఎద్దుల బిడారుతో పని తీరింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఎన్నో తెగలను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. కొన్ని ప్రాంతాల్లో బంజారాలూ ఆ జాబితాకెక్కారు. పిల్లవాడు ఏ దొంగతనం చేశాడని కాదు, ఏ గుడిసెలో పుట్టాడన్నదే చూశారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న గానీ పోలేదు. పురుగునూ మనిషినీ ఒకటి చేస్తున్నానని ఎవరైనా నొచ్చుకుంటే నా మాట అది కాదు. కొలిచే కర్ర ఎవరి చేతిలో ఉందో, దాన్ని ఎవరి అవసరం కోసం చెక్కారో అడగడం మన ఇళ్ల పిల్లలకు ఇతరులకన్నా తొందరగా రావాలని నా ఆశ.

మరి పత్తి తినే పురుగును ఏం చెయ్యాలి? అప్పు తెచ్చి విత్తిన రైతుకు నేను దయ గురించి పాఠం చెప్పలేను, చెప్పను. చంపాల్సి వస్తుంది. అయితే చంపడానికైనా ముందు దాన్ని తెలుసుకోవాలి. రొనాల్డ్ రాస్ మలేరియా వ్యాపించే దారి కోసం రెండేళ్ల పాటు దోమలను కోసి చూస్తూ వెతికాడు. ఫలితం లేదు, ఎందుకంటే అవి ఆ జబ్బును మోసే రకం కావు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మచ్చల రెక్కల దోమ కడుపులో ఆ క్రిమి కనబడింది. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్‌కు ముట్టింది దోమకు ఒక అణా. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమలన్నీ ఒకటే అనుకున్నంత కాలం జబ్బు దారి దొరకలేదు. కుట్టేది ఆడదొక్కటే, అదీ గుడ్ల కోసం. మగది పూల తేనె తాగి బతుకుతుంది.

పొలంలోనూ అంతే. మందు కొట్టినప్పుడు పేనుబంకతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగూ, సాలీడూ చస్తాయి. పేనుబంక తొందరగా తిరిగి పెరుగుతుంది, దాని శత్రువు పెరగదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కూడా పురుగు పీడ తీరుస్తుందన్నారు. కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల గిరిజన రైతులు ఇంకో దారి పట్టారు. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, పక్షులు వాలడానికి పాతిన కొయ్యలు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది. వాళ్లకు పురుగు మీద ప్రేమ ఉందని కాదు. అది ఎప్పుడు గుడ్డు పెడుతుందో, ఆకుకు ఏ పక్కన పెడుతుందో రోజూ వంగి చూశారు.

చివరిగా పేడపురుగు. దాని ఉపయోగం చెప్పడం తేలికే. ఆస్ట్రేలియాలో ఆవుల పేడను మట్టిలో కలిపే పురుగులు చాలక, పేడ ఎండి గడ్డిని కప్పేసి, ఈగలు ముసురుతుంటే, 1960ల చివర్లో బయటి దేశాల నుంచి వీటిని తెచ్చి వదిలారు. నాకు నచ్చిన సంగతి వేరే. 2013లో దక్షిణాఫ్రికా పేడపురుగుల మీద చేసిన ప్రయోగం బయటికొచ్చింది. అవి పేడ ఉండను దొర్లించుకుంటూ రాత్రిపూట తిన్నగా పోవడానికి పాలపుంతను చూసి దారి పట్టుకుంటాయట. తలకు చిన్న అట్ట టోపీ పెడితే దారి తప్పాయి. ఏడో తరగతిలో ఇది చెప్పినప్పుడు ఒక పిల్లవాడు లేచి, అమావాస్య నాడు ఎట్ల పోతది సార్ అన్నాడు. చంద్రుడు లేని రాత్రుల్లోనే ఆ ప్రయోగం చేశారని, చుక్కలుంటే చాలని చెప్పాను. మబ్బు పట్టిన రాత్రి మాత్రం వంకర టింకరగా తిరుగుతాయి.