కోయుట ఒక దినము, కడుగుట అనుదినము

మన చిట్యాల చుట్టుప్రక్కల పల్లెలకు బోదకాలు క్రొత్త మాట కాదు. ఆ పురుగు దోమ శరీరములో పెరుగునని 1877లో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు చైనాలో కనుగొనెను. అది తండ్రుల పాపమని పలుకుటకు ఆనాటినుండి ఎవరికిని హక్కు లేదు.

ఇప్పుడు ఉబ్బిన కాలికి శస్త్రచికిత్స కలదు. కొందరికి ఉబ్బిన చర్మమును కోసి తీసివేయుదురు, కొందరికి సన్నని రసనాళమును సిరతో కలుపుదురు. వరంగల్లుకో హైదరాబాదుకో పోయి కోయించుకొని వచ్చిన మనిషిని చూచి ఇంటివారు "ఇక బాగైనట్లే" అందురు. అయితే పాడైన నాళములు మరల మునుపటివలె కావు. కట్టు మానివేసినయెడల వాపు తిరిగి వచ్చును. వేళ్ల సందున చిన్న పగులు చాలును. క్రిములు లోపలికి పోయి, గజ్జలో బిళ్ల కట్టి, చలిజ్వరము తగులును. అట్టి జ్వరము వచ్చినప్పుడెల్ల కాలు మరికొంత లావగును.

గనుక డాక్టరు చేయి విడిచిన చోట నర్సమ్మ, ఆమె విడిచిన చోట కోడలో కుమారుడో పట్టుకొనవలెను. గాయము మానిన పిమ్మట రోజును సబ్బుతో, వేడి లేని నీటితో మెల్లగా కడిగి, వేళ్ల సందులు మెత్తని గుడ్డతో అద్దవలెను. పసరులు పూయరాదు. కట్టు వేళ్లయొద్ద బిగువుగాను, పైకి పోయినకొలది వదులుగాను ఉండవలెను. వేళ్లు నీలమైనను తిమ్మిరెక్కినను వెంటనే విప్పవలెను. రాత్రివేళ మంచమునకు పాదములవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టుడి.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు గదా! అయినను నన్నడిగినయెడల కత్తి పట్టుటకంటె ఇది కష్టమందును. కత్తి పట్టినవానికి దండ వేయుదుము, చెంబు పట్టినదానిని పేరైనను అడుగము.

పెద్దల కాళ్లకు మ్రొక్కుట మనకు మర్యాద. బోదకాలుగల పెద్దమ్మ మాత్రము తన కాలు కుచ్చిళ్ల క్రింద దాచుకొనును. నర్సు వంగగానే "వద్దు బిడ్డా, వాసనొస్తది" అని వెనుకకు లాగుకొనును. అప్పుడు నర్సు ముఖము ముడుచుకొనెనా, ఎంత శుభ్రముగా కడిగినను మరునాడు ఆ కాలు చాపబడదు. పేతురు సహితము మొదట తన పాదములు కడుగనీయనన్నాడు. కడుగువాని శ్రమకంటె కడిగించుకొనువాని సిగ్గే పెద్దదేమో, యోచించుడి.

2018లో తెలంగాణ ప్రభుత్వము బోదకాలు బాధితులకు పింఛను ఆరంభించెను. మంచిదే, కాని పింఛను కట్టు కట్టదు. అట్లని ఎల్లకాలము మనమే కడుగుచుండుట దయ యగునా? చేతనైననాడు చెంబు ఆమె చేతికే ఇయ్యవలెను. కాలు పూర్వమువలె అగునని అబద్ధపు ఆశ చూపక, ఇంతకంటె చెడకుండ కాపాడుకొనవచ్చునని చెప్పవలెను. వంగలేనివారికి నేలమీద చిన్న అద్దము పెట్టి పగుళ్లు చూచుకొనుట నేర్పవచ్చును. చూపు ఆననివారికి మనుమరాలు చూచి చెప్పవచ్చును.