ఒకే గదిలో కూర్చున్నవాళ్ళు

నలభై దాటినవాళ్ళు కూడా హైస్కూలు సినిమాలు అంత ఇష్టంగా ఎందుకు చూస్తారంటే, పోయిన వయసు మీద బెంగ అని చప్పున సమాధానం వస్తుంది. దానికి ఆధారమూ లేకపోలేదు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే సుమారు పదికీ ముప్పైకీ మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు గమనించారు. కానీ అది మన సొంత జ్ఞాపకాల సంగతి. మనది కాని బడి మనల్నెందుకు కూర్చోబెడుతుంది? లాకర్లు, ప్రామ్ డాన్సులు ఎరగని తెలుగువాళ్ళు అమెరికా హైస్కూలు కథలు చూస్తారు. బడిలో దెబ్బలూ అవమానాలే మిగిలినవాళ్ళూ చూస్తారు. నా ఉద్దేశంలో ఆ కథల్లో మనల్ని పట్టి ఉంచేది వయసు కన్నా సావాసం. మనం ఎంచుకోని మనుషుల పక్కన రోజూ, ఏళ్ళ తరబడి కూర్చోవడం చాలామందికి బడిలోనే జరుగుతుంది. ఆ తర్వాత ఉద్యోగం, జీతం, కులం, కొనుక్కున్న ఫ్లాటు కలిసి మన పక్కన ఎవరుండాలో తేల్చేస్తాయి.

జాన్ హ్యూస్ 1985లో తీసిన ‘ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ మొత్తం ఈ సంగతి మీదే నిలబడింది. శిక్షగా శనివారమంతా బడి లైబ్రరీలో కూర్చోవలసి వచ్చిన ఐదుగురు పిల్లల కథ అది. మామూలు రోజుల్లో వీళ్ళకు ఒకరితో ఒకరికి మాటల్లేవు. మధ్యాహ్నం తిండి బయటికి తీసేసరికి ఎవరి ఇల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది. కలిగినింటి అమ్మాయి క్లేర్ సుషీ విప్పుకుంటుంది. బెండర్ దగ్గర ఏమీ లేదు. సాయంత్రానికి అంతా మనసు విప్పుకుని దగ్గరయ్యాక, సోమవారం సంగతేమిటని బ్రయన్ అడుగుతాడు. అప్పటికి ఈ స్నేహం ఉంటుందని తను అనుకోవడం లేదని క్లేర్ దాచకుండా చెప్పేస్తుంది. ఆ వయసు పిల్లలకు ఆ జవాబు క్రూరంగా తోచవచ్చు. పెద్దవాళ్ళకు అది నిజమని తెలుసు. వాళ్ళు బతుకుతున్నది ఆ సోమవారం తర్వాతే. మన దగ్గరి సినిమాల్లోనూ ఇదే కనబడుతుంది. 2018లో వచ్చిన తమిళ సినిమా ‘96’ను దర్శకుడు ప్రేమ్ కుమారే 2020లో తెలుగులో ‘జాను’గా తీశాడు. అందరూ దాన్ని ప్రేమకథగానే చెప్పుకుంటారు. నాకు గట్టిగా తగిలేది మాత్రం తరగతి గదిలో ఖాళీ అయిన చోటు. జానుతో కలిసి చదువుకునే రామ్ కుటుంబం ఇంటి ఆర్థిక ఇబ్బందుల వల్ల ఉన్నపళంగా ఊరు విడిచిపోతుంది. వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు, డబ్బు విడదీసింది.

బడి మాత్రం అందర్నీ ఎప్పుడు కలిపింది అని ఎవరైనా అడగవచ్చు. కులం తక్కువని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టింది బడిలోనే కదా, ఇప్పుడైతే ఫీజును బట్టి బళ్ళే వేరైపోయాయి కదా అంటే కాదనలేను. ఇలాంటి సినిమాలు చాలావరకు ఆ నొప్పిని దాటేసి పోతాయి, అది వాటి లోపమే. అయినా ఒక తేడా మిగిలే ఉంది. తరగతిలో అందరూ సమానంగా లేకపోయినా ఒకరికొకరు కనబడేవాళ్ళు. ఫీజు కట్టలేక గది బయట నిలబడ్డ కుర్రాడి పేరు, ఇంటిపేరుతో సహా అందరికీ తెలుసు. ఈరోజు మన గేటు దగ్గర నిలబడే మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? తెరమీద ఆ పాత గది కనబడగానే మనసు లాగేది అందుకే అని నా నమ్మకం. ఇప్పుడు ఊరూరా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతున్నాయి. మాస్టార్లకు శాలువాలు కప్పుతున్నారు, గ్రూపు ఫొటోలు దిగుతున్నారు. పది తప్పినవాళ్ళకు, మధ్యలో మానేసి పనికి పోయినవాళ్ళకు ఆ పిలుపు అందడం కష్టం. ఈసారి మీ బ్యాచ్ కలిసేటప్పుడు హాజరుపట్టీలోని పేర్లన్నీ గుర్తు చేసుకోండి, వాళ్ళ నంబర్లు వెతికి మీరే ఫోన్ చేయండి.