నాగా రోజుకు కోత పెట్టకండి

బల్కంపేట గృహస్థులారా, ఎల్లమ్మ తల్లి నీడన ఇళ్లు కట్టుకున్నవారలారా, ఒక్క మాట చెవిన పెట్టండి. నేలకు దిగువన, బావిలో కొలువైన ఆ తల్లి కళ్యాణానికి ఆషాఢంలో మీరూ వెళ్తారు, మీ ఇంట అంట్లు తోమే ఆమె కూడా వెళ్తుంది. ఇద్దరూ మొక్కేది ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం ఇమ్మనే. గుడి దాటాక మాత్రం ఆ ఇద్దరి ఆయుష్షూ ఒక్క తీరున నడవదు.

ఎందుకు నడవదో విచారించండి. దవాఖానా దూరమై కాదు. నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలై మహా వైద్యసంస్థగా ఎదిగిన నిమ్స్ పక్కనే పంజాగుట్టలో ఉంది. ఛాతీ దవాఖానా ఎర్రగడ్డలో ఉంది. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వెలిశాయి; బీపీకి, షుగరుకు అక్కడ మందులు ఊరికే ఇస్తారు. అయినా ఆమె పోలేదు.

తెల్లవారకముందే లేచి, మూడు నాలుగిళ్లలో గిన్నెలు, బట్టలు, తడిగుడ్డ ముగించుకుని ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. తల దిమ్ముగా ఉంటే మెడికల్ షాపులో రెండు గోలీలు అడిగి వేసుకుంటుంది. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడితే ఆ పూట పని పోతుంది. పని పోతే అది నాగా. నాగా అయితే జీతంలో కోత. ఇంకో రెండు నాగాలైతే, వేరే మనిషిని చూసుకుంటామన్న మాట. బీపీ నొప్పి పుట్టించే రోగం కాదు గనుక, నొప్పిలేని దానికి కూలి పోగొట్టుకోవడం ఎలాగని ఆమె ఊరుకుంటుంది. ఆ లెక్కలో తప్పు ఆమెది కాదు. ఆ లెక్క వేయించింది మనం.

ఏళ్లు గడిచాక ఒకనాడు చెయ్యి పడిపోతుంది, లేదా కిడ్నీలు చెడతాయి. అప్పుడు 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ అక్కరకొస్తుంది. దాని పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. అది మంచి పథకమే, దాన్ని తక్కువ చేయను. కాని డయాలసిస్‌కు సొమ్ము దొరికిన ఇంట్లో, దాన్ని తప్పించగల మాత్రకు ఒక పూట తీరిక దొరకకపోవడం ఏ ధర్మం?

వేల్సు దేశంలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు బొగ్గుగని కార్మికుల ఊళ్లో కాపురముండి వైద్యం చేశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని 1971లో రాశాడు. రాసి ఊరుకోలేదు. రోగి వస్తాడని కూర్చోకుండా, ఊళ్లో ప్రతివారినీ వెతికి పట్టుకుని బీపీ కొలిచాడు, ఏళ్ల తరబడి వెంటపడి మందు వేయించాడు. ఆ ఊళ్లో అకాల మరణాలు పొరుగూరి కంటే తగ్గాయి. పేదలు అశ్రద్ధ చేస్తారని తీర్పు చెప్పేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మీ బల్ల మీద బీపీ మిషను ఉంది కదా. నాన్నగారికి కొలిచాక ఆమె చేతికీ ఆ పట్టీ చుట్టండి. వాచ్‌మన్‌కూ, అతని భార్యకూ చూడండి. అంకె ఎక్కువొస్తే భయపెట్టకండి, మందలించకండి, పంపించండి. ఆ రోజు జీతం పట్టుకోకండి. ఒకరోజు ఇస్తే పదిరోజులు అలవాటు చేసుకుంటారని శంకిస్తారేమో! మీ ఆఫీసు మీకు సిక్ లీవు ఇస్తోంది; దాని వల్ల మీరు సోమరులయ్యారా?

బస్తీ దవాఖానాలు సాయంత్రం పొద్దుపోయేదాకా తెరిచి ఉంచమని కార్పొరేటరునూ, ఎమ్మెల్యేనూ అడగవలసిందీ మీరే. కూలికి పోయినవాడు తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంటే ఉచిత మందు ఎవరి కోసం? అధికారికి వినపడే గొంతు మీకుంది. దాన్ని రోడ్డు గుంతల కోసం వాడినట్టే దీనికీ వాడండి.

ఇక ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టేటప్పుడు, ఈ నెల దవాఖానాకు ఏ రోజు పోతావమ్మా అని మీరే అడగండి. ఆమె చెప్పిన రోజు క్యాలెండరు మీద రాసుకుని, ఆ పూట గిన్నెలు మీరు తోముకోండి.