ఉద్ది లేని ఆట

పల్లెలలో పిల్లలు చెడుగుడు ఆడబోయే ముందు జట్లు పంచుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. మొదట ఇద్దరు నాయకులు నిలబడతారు. తక్కిన పిల్లలు తమ బలానికి సరిపడినవాణ్ణి చూసుకొని ఇద్దరిద్దరుగా జతపడి, కొంచెం ఎడంగా పోయి రహస్యంగా మారుపేర్లు పెట్టుకొంటారు. ఒకడు సూర్యుడు, ఒకడు చంద్రుడు. తరువాత భుజాల మీద చేతులు వేసుకొని నాయకుల ముందుకు వచ్చి, ఎవరు కావాలో కోరుకోమంటారు. ఒక నాయకుడు సూర్యుణ్ణి కోరుకొంటే చంద్రుడు రెండవవాని పక్షానికి పోతాడు. ఈ జతకు ఉద్ది అని పేరు. సమఉజ్జీ అని మనం పెద్దల భాషలో అనేది కూడా దీనినే.

ఈ పిల్లలకు ధర్మశాస్త్రం ఎవరూ చెప్పలేదు. అయినా బలమైనవాళ్ళందరూ ఒకే వైపు చేరితే గెలుపు మిగులుతుంది గాని ఆట మిగలదన్న సంగతి వాళ్ళకు తెలుసు. ఓడించవలసినవాడు తనంతటివాడుగా ఉండటంలోనే ఓడించటంలోని సంతోషమంతా ఉన్నదనీ తెలుసు. పెద్దవాళ్ళు ఆడే ఆటలలో, ముఖ్యంగా డబ్బు ప్రవేశించిన ఆటలలో, ఉద్దులు పంచుకోవటం సాధారణంగా ఉండదు. అక్కడ కోరుకొనే హక్కు కలిగినవాని చేతిలో ఉంటుంది. అందువల్ల ఒక ప్రశ్న పుడుతున్నది. ఒక ఫుట్‌బాల్ లీగులో అందరికంటే బలమైన క్లబ్బు తన ప్రత్యర్థుల జట్లలో రాణించిన ఆటగాళ్ళను ఏటేటా తనలో చేర్చుకొంటూ పోతే, ఆ లీగుకు హాని కలుగుతుందా? కలిగితే ఆ దోషం ఎవరిది?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించటం కంటే మన దేశపు ఉదాహరణ మీద పరీక్షించటం మేలు. కలకత్తా ఫుట్‌బాల్ లీగు 1898లో ప్రారంభమైనది. మొదటి మూడున్నర దశాబ్దాలు ఆ కిరీటం దొరల క్లబ్బులకూ, సైనిక దళాలకూ తప్ప మరెవరికీ దక్కలేదు. 1934లో మహమ్మడన్ స్పోర్టింగ్ దానిని గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు అయినది. 1938 వరకు వరుసగా ఐదేళ్ళు దానిని నిలుపుకొన్నది. ఆ విజయానికి గల కారణాలలో ఒకటి, ఆ క్లబ్బు బెంగాలు ఎల్లలు దాటి ఎక్కడెక్కడి సమర్థులనో తెచ్చి ఒకచోట కూర్చటం. తరువాత ఈస్ట్ బెంగాల్ కూడా అదే దారి పట్టింది. 1949 మొదలు కొన్నేళ్ళపాటు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దక్షిణాది ఆటగాళ్ళు దాని ముందు వరుసలో నిలిచారు. బెంగాలీలు వారిని ప్రేమతో పంచపాండవులన్నారు.

పాండవులు పుట్టిన ఇల్లు ఒకటి, ఏలిన నగరం ఒకటి. పుట్టినింటి సంగతి అడిగేవారు తక్కువ. హైదరాబాదు కథలో ఆ సంగతి స్పష్టంగా కనబడుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలిచింది. ఆ రహీమే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకానికి నడిపించాడు. అటువంటి కర్మాగారం నుంచి తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాలుకు పోయాడు. నయీముద్దీన్, హబీబ్ 1966లో అదే క్లబ్బులో చేరారు. హబీబ్ తరువాత మోహన్ బగాన్‌కు, మళ్ళీ ఈస్ట్ బెంగాలుకు, మహమ్మడన్ స్పోర్టింగుకు మారుతూ కలకత్తా మైదానానికి దాదాపు రెండు దశాబ్దాల పాటు ప్రాణంగా ఉన్నాడు. ఈలోగా 1963లో రహీం కన్నుమూశాడు. జాతీయ సంతోష్ ట్రోఫీని 1957లోనూ, 1958లోనూ హైదరాబాదు గెలిచింది. 1966లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తరువాత దశాబ్దాలు గడిచినా ఆ ట్రోఫీ మళ్ళీ హైదరాబాదు చేరలేదు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణించటానికి కలకత్తా క్లబ్బుల ఆకర్షణ ఒక్కటే కారణమనటం న్యాయం కాదు. గురువు పోయిన తరువాత అటువంటి గురువు మరొకడు రాలేదు. నగరం పెరిగి మైదానాలను మింగివేసింది. యువకుల మనస్సు క్రికెట్ మీదికి మళ్ళింది. బావి ఎండిపోవటానికి తోడుకొన్నవాడే కారణమని ఎప్పుడూ అనలేము. ఊట ఆగిపోయి ఉండవచ్చు. అయినా తోడుకొన్నవాడు ఊట సంగతి ఎన్నడూ పట్టించుకోలేదన్న మాట మిగిలే ఉంటుంది.

ఇక కలకత్తా లీగునే చూద్దాం. 1970 నుంచి 1975 వరకు ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరేళ్ళు విజేత. ఆ కాలంలో లీగు చచ్చిపోయిందా? లేదు. మైదానాలు కిటకిటలాడినాయి. 1970లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలులో టెహరాన్ నుంచి వచ్చిన పాస్ జట్టును ఈస్ట్ బెంగాల్ ఓడించినప్పుడు నగరమంతా పొంగిపోయింది. సమర్థులను ఒకచోట చేర్చటం వల్ల ఆట ఎంత ఎత్తుకు పోగలదో అది చూపింది. కనుక బలమైన క్లబ్బు అనేదే చెడు అనేవారితో నేను ఏకీభవించలేను. శిఖరం లేని పర్వతాన్ని ఎవరూ తలెత్తి చూడరు.

కాని శిఖరాన్ని చూసిన కళ్ళతోనే నడుమనున్న చరియలను కూడా చూడాలి. 1958లో కలకత్తా లీగును ఈస్టర్న్ రైల్వే జట్టు గెలిచింది. ఆ జట్టులో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఉన్నాడు. దేశంలోని గొప్ప ఆటగాళ్ళలో ఒకడై ఉండి కూడా అతడు ఆటగాడుగా ఆ మూడు పెద్ద క్లబ్బులలో దేనిలోనూ చేరలేదు. రైల్వే జట్టులోనే ఉండిపోయాడు. ఆ తరువాత ఆ మూడు క్లబ్బులకు వెలుపలి జట్టు ఒకటి, పియర్‌లెస్, ఆ లీగును మళ్ళీ గెలవటానికి 2019 దాకా పట్టింది. నడుమ గడిచినవి 61 సంవత్సరాలు! ఒక మనిషి కోరి ఒక చిన్న జట్టులో నిలిచినందువల్లనే ఆ జట్టు గెలిచిందని నేననటం లేదు. కాని అటువంటివాడు ఒకడు నిలవగలిగిన చోటనే మిగిలినవారికి ఆశ పుడుతుంది. తక్కిన జట్లన్నీ పెద్ద క్లబ్బులకు ఎక్కే మెట్లుగా మాత్రమే మిగిలిపోతే, ఆ మెట్ల మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు. లీగుకు కలిగే హాని ఈ రూపంలో వస్తుంది. అది మొదట జనసమ్మర్దంలో గాని, టికెట్ల రాబడిలో గాని కనబడదు. నడిమి జట్ల నుంచి ఆశ తొలగిపోవటంలో కనబడుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన వ్యవహారం కాదు. జర్మనీ దేశపు ప్రధాన లీగులో బొరుస్సియా డార్ట్‌మండ్ 2011లోనూ, 2012లోనూ విజేత. దాని ప్రత్యర్థి బయర్న్ మ్యూనిక్ 2013లో 3 కోట్ల 70 లక్షల యూరోలు చెల్లించి డార్ట్‌మండ్ ముద్దుబిడ్డ గోట్సెను తీసుకొన్నది. 2014లో, ఒప్పందం గడువు తీరిన లెవాండోవ్‌స్కీ ఆ క్లబ్బులోనే చేరాడు. 2016లో డార్ట్‌మండ్ నాయకుడు హుమ్మెల్స్ కూడా అక్కడికే పోయాడు. 2013 నుంచి 2023 వరకు పదకొండేళ్ళు ఆ కిరీటం మ్యూనిక్ నగరం దాటలేదు. 2024లో లెవర్కూసెన్ అనే జట్టు లీగులో ఒక్క ఆట కూడా ఓడకుండా ఆ వరుసను తెంచింది. లీగు చావలేదనటానికి అది సాక్ష్యం. కాని పదకొండేళ్ళంటే ఒక పిల్లవాడు బడిలో చేరి చదువు ముగించేటంత కాలం.

ఈ కథలో మరొక ముచ్చట ఉన్నది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో డార్ట్‌మండ్ దివాలా అంచుకు చేరినప్పుడు 20 లక్షల యూరోలు అప్పు ఇచ్చి ఆదుకొన్నది ఈ బయర్న్ మ్యూనిక్ క్లబ్బే! ప్రత్యర్థి బ్రతికి ఉంటేనే తన ఆటకు విలువ అని ఆనాడు అది గ్రహించింది. తరువాత అదే ప్రత్యర్థి తలెత్తి వరుసగా రెండేళ్ళు గెలిచేసరికి, దాని జట్టులోని మేటి ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరుగా మ్యూనిక్ చేరారు. ఆకలితో ఉన్నవానికి అన్నం పెట్టగలిగిన మనస్సు, వాడు తనతో సమానంగా కూర్చోవటాన్ని ఓర్చుకోలేకపోవటం మానవ స్వభావంలో కొత్త సంగతి కాదు. దయ చూపటం సులభం. సమత్వాన్ని సహించటమే కష్టం.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదం వినాలి. ఆటగాడు ఎవని సొత్తు? బలరాం వంటి పేదింటి యువకుడు తన కాళ్ళలోని విద్యకు ఎక్కువ గౌరవం లభించే చోటికి పోతే, పోవద్దని చెప్పటానికి మనమెవరం? లీగు సమతూకం కోసం అతడు కట్టుగొయ్యకు కట్టుబడి ఉండాలా? గడువు తీరిన ఆటగాణ్ణి పాత క్లబ్బు పట్టి ఉంచుకోరాదని ఐరోపా న్యాయస్థానం 1995లో బోస్మన్ అనే ఆటగాని వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ధనిక క్లబ్బులకు లాభించిన మాట నిజమే. అయినా అది ధర్మమైన తీర్పు. మనిషిని బంధించి ఆటను రక్షించటం ఆటకు కూడా గౌరవం కాదు. మన క్రికెట్ ఐ.పి.ఎల్.లో జట్లన్నింటి ఖర్చుకూ సమానమైన హద్దు పెట్టి వేలం పాడిస్తారు. ఉద్దులు పంచుకొనే పద్ధతికి అది కొంత దగ్గర. జట్ల నడుమ సమత కొంతవరకు సిద్ధించింది. కాని అక్కడ ఆటగాడు తన జట్టును తాను ఎంచుకోలేడు. పల్లె పిల్లవాడు మాత్రం తన ఉద్దిని తానే ఎంచుకొని, తన మారుపేరును తానే పెట్టుకొని వచ్చాడు గదా. ఒక న్యాయాన్ని సాధించబోయి మరొక న్యాయాన్ని కొంత వదులుకొంటున్నాము.

కనుక దోషం ఆటగాడు పోవటంలో లేదు. తీసుకొనేవాని ఉద్దేశంలో ఉన్నది. దీనికి భారతంలోని శల్యుని కథ మంచి ఉదాహరణ. శల్యుడు పాండవులకు మేనమామ వరుస. వారి పక్షాన పోరాడటానికే సేనతో బయలుదేరాడు. దుర్యోధనుడు దారి పొడవునా విడుదులు కట్టించి, విందులు ఏర్పాటు చేసి, ఈ సత్కారం ఎవరిదో తెలియనీయక, అతడు సంతోషించి వరమిస్తానన్న క్షణంలో బయటపడి, తన పక్షానికి రమ్మన్నాడు. శల్యుడు మాట తప్పలేకపోయాడు. దుర్యోధనునికి శూరుల కొరత ఉన్నదా? భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అందరూ అతని వైపే ఉన్నారు. శల్యుడు తనకు కావలసి కాదు, అవతలివారికి లేకుండా చేయవలసి అతణ్ణి తెచ్చుకొన్నాడు. ఫలితం మనకు తెలిసినదే. ఆ శల్యుడే కర్ణునికి సారథియై, యుద్ధం నడుమ మాటలతో అతని ధైర్యాన్ని కోసివేశాడు.

ప్రత్యర్థి ఆటగాణ్ణి తీసుకొనే ప్రతి క్లబ్బూ తనను తాను ఈ ప్రశ్న వేసుకోవచ్చు. వీడు నా జట్టులో ఆడటానికి వస్తున్నాడా, లేక అక్కడ ఆడకుండా ఉండటానికి వస్తున్నాడా? మొదటిది అవసరం. రెండవది అసూయ. అవసరం కొద్దీ చేర్చుకొన్నవాడు మైదానంలో కనబడతాడు, ఎదుగుతాడు, ఆ ఆట ప్రజలందరి సొత్తు అవుతుంది. అసూయ కొద్దీ చేర్చుకొన్నవాడు బెంచీ మీద కూర్చుని వయస్సు పోగొట్టుకొంటాడు. అప్పుడు నష్టపోయేది పాత క్లబ్బు మాత్రమే కాదు. ఆ ఆటగాడూ, లీగూ, చూడవచ్చిన జనమూ నష్టపోతారు.

అయితే బలవంతుని అంతరాత్మ మీదనే భారం వేసి ఊరుకోవటం అమాయకత్వం. గెలవటానికి పుట్టిన సంస్థను గెలవటం తగ్గించుకోమని అడగటం ధర్మోపదేశం అవుతుంది గాని ధర్మవ్యవస్థ కాదు. ఉద్దుల పద్ధతిని పాటించేది నాయకుల మంచితనం కాదు. అది ఆట నియమం. కనుక దోషంలో పెద్ద పాలు నియమాలు చేయవలసినవారిది. ఆటగాడు ఎక్కడికైనా పోవచ్చు, కాని ఒక క్లబ్బు ఎంతమందిని కూర్చోబెట్టవచ్చునన్న దానికి హద్దు ఉండాలి. అతణ్ణి పెంచిన చోటికి అతని విలువలో భాగం ముట్టాలి. ఒప్పందం నడుమ ఆటగాడు డబ్బు మీద క్లబ్బు మారినప్పుడు ఆ ధనంలో నూటికి ఐదు పాళ్ళు, 12వ ఏటి నుంచి 23వ ఏటి వరకు అతణ్ణి తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2001లో నియమం చేసింది. ఐదు పాళ్ళు చాలా తక్కువ. అయినా పుట్టినింటికి ఋణం ఉన్నదన్న సూత్రాన్ని అది అంగీకరించింది. హైదరాబాదు మైదానాల నుంచి కలకత్తాకు పోయిన ఆ తరం ఆటగాళ్ళ కాలానికి అటువంటి నియమం లేదు. ఉంటే రహీం తరువాత మరొక రహీం తప్పక పుట్టేవాడని చెప్పలేను. పుట్టినవాడికి కనీసం మైదానం ఒకటి మిగిలి ఉండేదేమో.

ప్రతిద్వంద్వి అనే మాటను మనమూ, హిందీవారూ శత్రువుకు దగ్గరగా వాడుకొంటున్నాము. కాని ఆ మాటలో ద్వంద్వం ఉన్నది. ద్వంద్వమంటే జత. ఇద్దరిలో ఒకడు తగ్గిపోతే రెండవవాడు గెలవడు, ఒంటరివాడవుతాడు. హిందీ మల్లులు తమకు దీటైన ప్రత్యర్థిని జోడ్ అంటారు. అదీ జతే. మన పిల్లల ఉద్దీ జతే. ఇన్ని మాటలు ఒకే సంగతి చెబుతున్నప్పుడు అది యాదృచ్ఛికం కాకపోవచ్చు.

చెడుగుడు ముగిసిన తరువాత పిల్లలు ఇళ్ళకు పోయేటప్పుడు చూడండి. సూర్యుడూ, చంద్రుడూ మళ్ళీ భుజాల మీద చేతులు వేసుకొనే పోతారు. గెలిచినవాడికి రేపు కూడా ఆ చంద్రుడు కావాలి, ఎదుటి పక్షాన.