కడబంతిలో కూర్చున్నవాళ్లు



మా వైపు బస్సుల్లో ఒక పాత హాస్యం ఉంది. కండక్టరు "యాడికి?" అని అడుగుతాడు. ఎక్కినవాడు "యాడికికే" అంటాడు. కొత్తవాళ్లు నవ్వుతారు. మేము నవ్వడం మానేసి చాలాకాలమైంది. మా పిల్లలను అదే మాట అడిగితే ఇప్పుడు వచ్చే జవాబు బెంగళూరు.

మొన్నొక ఆదివారం దివ్యబలిపూజ అయిన తరువాత ముగ్గురు యువకులు నా దగ్గరకు వచ్చారు. పట్నంలో జాబ్ మేళా ఉందట. "ఫాదర్, మీరొక లెటర్ రాసిస్తే పని అయితాది" అన్నారు. ఎవరికి రాయాలని అడిగితే వాళ్లకు తెలియదు. ఏమని రాయాలంటే, "మేము మంచోళ్లమని" అన్నారు. రాసిచ్చాను. అంతటితో ఊరుకోలేక వాళ్లతోపాటు నేనూ బస్సెక్కాను.

కాలేజీ మైదానంలో షామియానా వేశారు. కంపెనీకొక బల్ల. ప్రతి బల్ల ముందు ప్లాస్టిక్ కవర్లలో సర్టిఫికెట్లు పట్టుకొని నిలబడిన మన పిల్లలు. మైకులో ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. ఇంతింత పెద్ద కంపెనీలు మీ కోసం ఇంత దూరం వచ్చాయి, మీకు కృతజ్ఞత ఉండాలి అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడని నమ్ముతున్నాను. కాని ఆ 'కృతజ్ఞత' అనే మాట నా వెంట ఇంటిదాకా వచ్చింది. ఎవరు ఎవరికి కృతజ్ఞులై ఉండాలి? ఈ వారం మీతో కలసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే.

మన ప్రాంతానికి ఒక పరిశ్రమ ఎట్లా వస్తుందో చూడండి. 2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2019లో కార్లు రోడ్డెక్కాయి. ఆ దారిలో బతుకులు బాగుపడిన కుటుంబాలున్నాయి, అది కాదనకూడదు. అయితే దాని కోసం ప్రభుత్వం భూమి సమకూర్చింది, పన్నుల్లో రాయితీలు ఇచ్చింది, గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లేమిటో తెలుసు కదా! శ్రీశైలం వెనుక జలాల నుంచి మోటార్లతో ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువ గుండా తెచ్చుకొన్న కృష్ణా నీళ్లు. ఏడాది పొడవునా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలకు ఆ నీళ్లు ఎంతటివో శనక్కాయ విత్తి ఆకాశం చూసినవాడిని అడగండి.

యాడికి, తాడిపత్రి వైపు వస్తే సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ మనం ఇచ్చేది సున్నపురాయి. చెట్టు కొడితే మళ్లీ మొలుస్తుంది, చెరువు ఎండితే ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. తవ్విన రాయి మాత్రం తిరిగి రాదు. ఈ విషయంలో చట్టానికి కొంత కళ్లు తెరిపిడి అయినట్టే ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. పాత లీజుదారులు కట్టే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, వేలంలో పొందిన కొత్త లీజుదారులు 10 శాతం ఆ నిధికి చెల్లించాలి. అది గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు కావాలి. దీన్ని ఎవరూ దానమని అనరు. చెల్లించవలసిన బాకీ.

సెమినరీలో మాకు పునీత తోమా అక్వినాసు వారి న్యాయవిచారం చెప్పేటప్పుడు రెండు రకాల న్యాయాలను వేరుచేసి చూపేవారు. ఆ లాటిను పేర్లు మీకెందుకు గాని, నేను వాటిని సంత న్యాయం, బంతి న్యాయం అని గుర్తు పెట్టుకొన్నాను. సంతలో కిలో వంకాయలకు కిలో డబ్బు. కొనేవాడు పేదవాడా, ధనికుడా అని తక్కెడ అడగదు, అడగకూడదు. బంతి వేరు. పండుగనాడు గుడి ఆవరణలో అందరూ వేసుకొన్న బియ్యం, పప్పుతో వండిన అన్నం అందరిదీ. అక్కడ వడ్డించేవాడు ఎంత న్యాయంగా వడ్డించాడో తెలియాలంటే చివర కూర్చున్నవాని ఆకు చూడాలి. (మన ఊళ్లలో ఒకప్పుడు బంతుల్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టేవారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. అందుకే ఈ పోలిక తెచ్చాను.)

ఒక యజమాని సొంత డబ్బుతో, సొంత భూమిలో కొట్టు పెట్టుకొంటే, తనకు కావలసినవారిని పనికి తీసుకోవడం సంత న్యాయం. అందులోనూ న్యాయమైన కూలి ఇవ్వాలన్నది వేరే మాట. కాని ఊరి నేల, ఊరి నీరు, ఊరి పన్ను కలిసిన చోట అది సంత మాత్రమే కాదు, సగమైనా బంతి. అప్పుడు కడబంతిలో కూర్చున్నవాడు "నాకేది?" అని అడిగితే అది యాచన కాదు.

మత్తయి సువిశేషం 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమాని ఇప్పటి భాషలో జాబ్ మేళా పెట్టినవాడే. పనివాళ్లను వెతుక్కొంటూ తానే అంగడి వీధికి వెళ్లాడు. తెల్లవారి వెళ్లాడు, మధ్యాహ్నం వెళ్లాడు, పొద్దుగూకే గంట ముందు మళ్లీ వెళ్లాడు. అప్పటికీ ఖాళీగా నిలబడి ఉన్నవాళ్లు చెప్పిన కారణం ఒక్కటే, తమను ఎవరూ పిలవలేదని. ఆ కథలో యజమాని తన సొమ్మును తన ఇష్టప్రకారం ఇచ్చుకొంటానంటాడు. పారిశ్రామికులెవరైనా ఈ మాటను తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. కాని ఒకటి గమనించండి. తోటంతా తనదే అయిన మనిషి చివరి గంటలో కూడా మిగిలినవారి కోసం వెళ్లాడు. తోటలో సగం ఊరిదైనవాడు ఎన్నిసార్లు వెళ్లాలి?

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. "ఇన్ని షరతులు పెడితే కంపెనీ తమిళనాడుకు పోతుంది, గుజరాతుకు పోతుంది. అప్పుడు నీ న్యాయాన్ని నాకుతామా?" అంటారు. ఆకలిగొన్నవాడికి బేరమాడే శక్తి ఉండదు, నిజమే. పదమూడవ లియో పోపుగారు 1891లో వ్రాసిన 'రేరుం నోవారుం' విశ్వలేఖలో సరిగ్గా ఈ చోటనే వేలు పెట్టారు. గత్యంతరం లేక పనివాడు తక్కువ కూలికి ఒప్పుకొంటే, ఒప్పుకొన్నాడు కదా అని అది న్యాయం కాబోదని వారి బోధ. వారు ఒక మనిషిని గురించి చెప్పారు. నాకైతే కరువు జిల్లా కూడా అటువంటి పనివాడేననిపిస్తుంది. వానలు లేక, గత్యంతరం లేక రాయితీల మీద రాయితీలకు ఒప్పుకొన్న ప్రాంతం దగ్గర ఎదుటివాడు ఎంత తీసుకోగలిగితే అంత తీసుకోవడం ఒప్పందం అవుతుంది, న్యాయం అవుతుందా? రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి తగ్గించుకొంటూ పోతే, సంతలో అమ్ముడుపోయేది ఎవరు?

అట్లాగని, "ఉద్యోగాలన్నీ మావాళ్లకే" అనే నినాదం వైపు జారిపోకూడదు. 2019 జూలైలో మన శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. హర్యానా చేసిన అటువంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. ఇక 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం కన్నడిగులకే ఉద్యోగాలని ఒక బిల్లును ఆమోదించి, గొడవ రేగిన తరువాత ఆపి ఉంచింది. ఆ రెండు రోజులు మా విచారణలో బెంగళూరులో బిడ్డలున్న తల్లుల ముఖాలు నేను చూశాను. 2019లో సంబరపడినవాళ్లలో వాళ్లూ ఉన్నారు! పుట్టిన ఊరును బట్టి హక్కు అడిగితే, బెంగళూరులో మన హక్కు పోతుంది. ఇచ్చినదాన్ని బట్టి అడిగితే ఎక్కడైనా నిలుస్తుంది. భూమి ఇచ్చినవాడెవడు, ఎవరి బావి ఎండింది, ఎవరి ఇంటి మీద దుమ్ము పడుతోంది, చివరి గంటదాకా ఎవరిని పిలవలేదు, ఈ లెక్కతో అడగాలి. రాయితీ ఇచ్చే కాగితం మీదనే ఇది రాసి ఉండాలి. రాసే ముందు ఆ ఊరి గ్రామసభ ముందు చదవాలి. ఇప్పుడు నేను చూస్తున్నంతవరకు గ్రామాల వంతు మేళా బ్యానరు కట్టడం దగ్గరే ఆగిపోతోంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఆ ముగ్గురికి నేను రాసిచ్చిన ఉత్తరం ఆ సామెతకు సంతకమే కదా! ఉత్తరం రాసిచ్చే గురువు లేని పిల్లవాడి మాటేమిటి? బస్సులో ఇది తట్టింది గాని, అప్పటికే ఉత్తరాలు వాళ్ల కవర్లలో ఉన్నాయి.

ముగ్గురిలో ఒకడిని తీసుకొన్నారు. పని ఇక్కడ కాదు, శ్రీపెరంబుదూరు దగ్గరట. పొద్దు వాలింది. బల్లలు ఎత్తేస్తుంటే మావాళ్లలో ఒకని తండ్రి కనబడ్డాడు. బండల పాలిష్ పనిలో ఇరవై ఏండ్లు చేసి, దుమ్ముకు దగ్గు పట్టి మానేసిన మనిషి. కొడుకు వెంట వచ్చాడనుకొని, "ఏమప్పా, నువ్వూ వచ్చినావే?" అన్నాను. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఫారం ఒకటుంది. వయసు ముప్పై లోపు ఉండాలని దాని మీదనే అచ్చు వేశారు, అతనికి చదవడం రాదు.

"మాకేమన్నా పని ఉంటాదేమో రాయి సామీ" అని ఫారం నా చేతికి ఇచ్చాడు. పేరు రాశాను. ఊరు రాశాను. వయసు దగ్గర కలం ఆగింది. అతను చెప్పాడు, "నలభై ఎనిమిది." ఉన్నదే రాశాను. అప్పటికి షామియానా కింద ఒకే ఒక బల్ల మిగిలింది. ఇద్దరం అటు నడిచాం.